నాన్నగారి 1963 డైరీలో ఆదివారాలు: "12 ఉత్తరాలు, 1.30 కేక, 208"... ఇవేమిటో చెప్పగలరా?

తెనాలి_రమ
నాన్నగారు పోయి రెండేళ్లయింది. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, 1962 చివర్లో ఇంగ్లండ్ వెళ్లారు. లాంకషైర్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. అమ్మా, నెలల పిల్లగా ఉన్న మా అక్కా తెనాలిలో ఉండిపోయారు. మొన్న పెట్టె సర్దుతుంటే 1963 నాటి చిన్న డైరీ దొరికింది. మామూలు రోజులన్నీ డ్యూటీ వేళలే. ఆదివారాలు మాత్రం వేరేగా ఉన్నాయి. ఒక ఫిబ్రవరి ఆదివారం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మంచు. 12 ఉత్తరాలు (5.30). 1.30 కేక. 2 పురుగులు. సా. లివర్‌పూల్ కుర్రాళ్లు. రా. వంద. 11కి 208, వచ్చి పోయి వచ్చి పోయి."

జనవరి నుంచి మార్చి దాకా ఆదివారాలన్నీ దాదాపు ఇంతే. 208 ఆసుపత్రిలో గది నంబరేమో, రాత్రి పదకొండుకి ఆ గదిలో పేషెంటుకి సీరియస్‌గా ఉండేదేమో అనుకున్నాను. వచ్చి పోయి అంటే ప్రాణమేమో అని భయం కూడా వేసింది. మా తమ్ముడు అది రేడియో అయి ఉంటుందన్నాడు. ఇక్కడ పాత రేడియో మీద ప్రాణం పెట్టేవాళ్లున్నారని అడుగుతున్నాను.

షార్ట్‌వేవ్_శ్రీను
208 గది కాదండీ! రేడియో లక్సెంబర్గ్. మీడియం వేవ్ మీద 208 మీటర్లు. ఆ రోజుల్లో బ్రిటన్ కుర్రకారుకి ఆ అంకె పేరులాంటిది, "208 పెట్టు" అనేవాళ్లు. ఆదివారం రాత్రి 11కి అందులో టాప్ ట్వంటీ వచ్చేది. 1948లో మొదలైంది. మొదట్లో రికార్డుల అమ్మకం కాదు, స్వరాలు అచ్చేసిన కాగితాల అమ్మకాన్ని బట్టి ఏ పాట ఎన్నో స్థానమో లెక్కకట్టేవారు.

మీ నాన్నగారు టాప్ ట్వంటీ వినేవారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

తెనాలి_రమ
మా నాన్న? టాప్ ట్వంటీ? మాకు తెలిసిన మనిషి త్యాగరాజ కృతులు తప్ప ఏదీ విననిచ్చేవారు కాదు!

నిడదవోలు_పిల్ల
ఇరవై ఆరేళ్ల కుర్రాడు కదా రమగారూ అప్పుడు. తండ్రులు పుట్టుకతోనే తండ్రులు కారు 😊

పాత_మర్ఫీ
1.30 కేక నాకు తెలుసు. బిల్లీ కాటన్ బ్యాండ్ షో. బిబిసి వాళ్ల వినోదం స్టేషన్ లైట్ ప్రోగ్రామ్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి. మొదలవుతూనే ఆయన గొంతు చించుకుని "వేకీ వే...కీ!" అని అరిచేవాడు, అంటే లేవండర్రా అని. వెంటనే బ్యాండు విరుచుకుపడేది. 1949 నుంచి 1968 దాకా నడిచింది. మధ్యాహ్నం ఒకటిన్నరకి లేవమనడం ఏమిటంటే, మొదట్లో పొద్దున్నే వచ్చేదట. రిహార్సల్‌కి బ్యాండు వాళ్లు నిద్రమొహాలతో కూర్చుంటే వాళ్లని లేపడానికి అరిచాడని, అదే స్థిరపడిపోయిందని చెబుతారు.

మీ నాన్నగారు శనివారం రాత్రి డ్యూటీ చేసి పడుకుంటే ఆ కేకకి లేచి ఉంటారు.

మీటర్‌బ్యాండ్
"వచ్చి పోయి వచ్చి పోయి" అన్నది ఎంత సరిగ్గా రాశారో చూడండి. మీడియం వేవ్ పగలు నేల వెంట కొంత దూరమే పోతుంది. పైకి పోయిన తరంగాన్ని పగటి ఎండకు ఏర్పడే డి పొర మింగేస్తుంది. పొద్దు గూకితే ఆ పొర కరిగిపోయి, తరంగం ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది. అందుకే లక్సెంబర్గ్ బ్రిటన్‌కి రాత్రుళ్లే అందేది. ఆ పై పొర నిలకడగా ఉండదు కాబట్టి పాట మధ్యలో గొంతు సన్నబడి మాయమై, అర నిమిషానికి మళ్లీ తేలేది. అక్కడ వినేవాళ్లు అందరూ మొట్టమొదట చెప్పే జ్ఞాపకం అదే. చాలామంది దుప్పటి కింద రేడియో పెట్టుకుని విన్నవాళ్లే.

వరంగల్_వాణి
మనం సిలోన్ విన్నట్టే అన్నమాట. మా నాయన బినాకా గీత్‌మాలా పాటల కోసం రేడియోని కిటికీకాడ అటు తిప్పి ఇటు తిప్పి పెట్టేటోడు.

పాత_మర్ఫీ
"12 ఉత్తరాలు" అంటే కచ్చితంగా టూ-వే ఫ్యామిలీ ఫేవరిట్స్. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కూడా బ్రిటిష్ సైన్యం జర్మనీలో ఉండిపోయింది. అక్కడి కొడుకు కోసం ఇక్కడి తల్లి, ఇక్కడి భార్య కోసం అక్కడి భర్త పాట కోరుతూ కార్డు రాసేవారు. లండన్‌లో ఒక అనౌన్సరు, జర్మనీలో సైనికుల రేడియోలో ఇంకో అనౌన్సరు ఒకేసారి లైన్లో ఉండేవారు. ఇద్దరూ మార్చి మార్చి ఆ కార్డులు చదివి పాటలు వేసేవారు. జర్మనీ వైపు మొదట హాంబర్గ్ నుంచి, 1954 నుంచి కొలోన్ నుంచి. లైట్ ప్రోగ్రామ్ పుట్టిందే 1945 జూలైలో, ఈ కార్యక్రమమూ ఆ ఏడాదిదే. ఆదివారం పన్నెండింటికి ఆరంభ సంగీతం వినబడిందంటే దేశమంతా పొయ్యిలో మాంసం కాలుతూ ఉండేదని చెబుతారు. ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్లు ఆ ట్యూన్ వింటే క్యాబేజీ ఉడికిన వాసన వస్తుందంటారు.

పెళ్లి కథ కూడా ఉంది. లండన్‌లో జీన్ మెట్‌కాఫ్, హాంబర్గ్‌లో క్లిఫ్ మిచెల్‌మోర్. ఒకరి మొహం ఒకరు చూడకుండా ముందు గొంతులతోనే పరిచయం. 1950లో పెళ్లి చేసుకున్నారు.

నిడదవోలు_పిల్ల
గొంతు విని పెళ్లి! మా ఆయన ఫోటో చూసి చేసుకున్నాడు, గొంతు పెళ్లయ్యాక విన్నాడు.

కాకినాడ_కాజా
అందరూ ఇంత మురిసిపోతుంటే నాకొకటి చెప్పాలనుంది. బ్రిటన్ ఆదివారం అంత అందమైనదేం కాదు. కొట్లు మూత. చట్టమే అలా ఉండేది, ఇంగ్లండ్‌లో పెద్ద కొట్లు ఆదివారం తీయడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. వేల్స్‌లో చాలాచోట్ల 1961 వరకూ ఆదివారం పబ్బు కూడా తెరవకూడదు. ఆ విసుగు మీద టోనీ హాంకాక్ అనే హాస్యనటుడు 1958లో అరగంట రేడియో నాటకమే చేశాడు. ఆదివారం మధ్యాహ్నం నలుగురు గదిలో కూర్చుని ఏం చేయాలో తోచక నిట్టూర్చడమే కథ. గాల్టన్, సింప్సన్ రాశారు. దేశమంతా పడీపడీ నవ్విందంటే అది అందరి బతుకూ కాబట్టే. చేయడానికి వేరే ఏమీ లేక రేడియో విన్నారు. దాన్ని బంగారు యుగం అనడం నాకు నచ్చదు.

పాత_మర్ఫీ
కాజా గారూ, బంగారు యుగం అని నేను అనలేదే.

కాకినాడ_కాజా
మీ క్యాబేజీ వాసన అంటోంది మాస్టారూ 😀

షార్ట్‌వేవ్_శ్రీను
కాజా గారి మాటలో సగం నిజం. యుద్ధానికి ముందైతే ఇంకా ఘోరం. బిబిసికి మొదటి అధిపతి జాన్ రీత్ గట్టి భక్తుడు. ఆదివారం పూట హాస్యం, డాన్సు బ్యాండు కుదరదన్నాడు. పొద్దున ప్రసారమే దాదాపు ఉండేది కాదు, ఆ తర్వాత ప్రార్థనలు, ప్రసంగాలు, గంభీరమైన సంగీతం. జనం ఏం చేశారు? ముల్లు తిప్పేశారు. 1931 నుంచి ఫ్రాన్సులోని రేడియో నార్మండీ, 1933 నుంచి లక్సెంబర్గ్, ఇంగ్లీషులో పాటలూ ప్రకటనలూ వేసి ఆదివారం శ్రోతల్ని లాక్కున్నాయి. ఓవల్టీన్ కంపెనీ పిల్లల కోసం క్లబ్బే పెట్టింది, బ్యాడ్జీలు, రహస్య సంకేతాలు, అన్నీ ఆదివారం సాయంత్రమే.

రీత్ 1938లో వెళ్లిపోయాడు. 1940 ఆరంభంలో సైనికుల కోసం ఫోర్సెస్ ప్రోగ్రామ్ పెట్టాల్సి వచ్చింది. ఫ్రాన్సులో చలిలో కూర్చున్న సిపాయికి ఆదివారమంతా ప్రసంగాలు వినిపిస్తే వింటాడా? అక్కడ సడలించిన నియమం మళ్లీ బిగియలేదు. ఆ ఫోర్సెస్ ప్రోగ్రామే తర్వాత లైట్ ప్రోగ్రామ్ అయింది. కాబట్టి రమగారి నాన్నగారు విన్నది, శ్రోతలు ఇరవై ఏళ్లు అలిగి సంపాదించుకున్న ఆదివారం.

వరంగల్_వాణి
ఇది చదువుతుంటే మన పాత ప్రసార మంత్రి కేస్కర్ గుర్తొచ్చిండు. 1952లో ఆకాశవాణిలో సినిమా పాటలు బంద్ పెడితే జనమంతా సిలోన్‌కు పోయిండ్రు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టక తప్పలేదు. అక్కడ రీత్, లక్సెంబర్గ్. ఇక్కడ కేస్కర్, సిలోన్. కథ ఒక్కటే.

పాత_మర్ఫీ
బాగా పట్టారు వాణి గారూ. సంబంధం ఇంకా దగ్గరిది. మన రేడియోని నిలబెట్టడానికి 1935లో వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బిబిసి మనిషే. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది ఆయన హయాంలోనే. సిలోన్ వాళ్ల ప్రసారమేమో యుద్ధంలో బ్రిటిష్ సైన్యం అక్కడ పెట్టిన ట్రాన్స్‌మిటర్ మీద నడిచింది. సైనికుల కోసం పెట్టిన రేడియోలే రెండు చోట్లా జనానికి పాటలిచ్చాయి.

తెనాలి_రమ
ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఇన్ని జవాబులు! చదువుతూ కూర్చుండిపోయాను, అన్నం చల్లారిపోయింది. ఇంకా "పురుగులు", "వంద" మిగిలాయి. 12 పక్కన రాసిన 5.30 కూడా. మార్చి ఆఖరున ఒక ఆదివారం అది 4.30 అయింది. అక్కడి నుంచి 4.30 అనే ఉంది.

లెస్టర్_బాబాయ్
ఇప్పుడే చూశాను. నేను ఇక్కడికి 1971లో వచ్చాను కాబట్టి 63 నాటివి నేరుగా వినలేదు. పురుగులు మాత్రం నాకు తెలుసు. గార్డెనర్స్ క్వశ్చన్ టైమ్. ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకి. ఇప్పటికీ వస్తోంది. బిల్లీ కాటన్ లైట్ ప్రోగ్రామ్, ఇది హోమ్ సర్వీస్, అంటే మీ నాన్నగారు రెండింటికి లేచి స్టేషన్ మార్చేవారన్నమాట.

అది పుట్టింది కూడా లాంకషైర్‌లోనే. 1947 ఏప్రిల్‌లో ఆష్టన్-అండర్-లైన్‌లో ఒక హోటల్లో మొదటి రికార్డింగు. యుద్ధంలో అందరినీ పెరట్లో కూరలు పండించమన్నారు కదా, ఆ అలవాటు మిగిలిపోయింది. ఒక ఊరి తోటల సంఘం వాళ్లు కూర్చుని అడుగుతారు: నా క్యాబేజీకి పురుగు పట్టింది, నా గులాబీకి ఆకులు ముడుచుకుపోతున్నాయి. నిపుణులు ముగ్గురు. బిల్ సవర్‌బట్స్‌ది అచ్చమైన ఉత్తర ఇంగ్లండ్ యాస, ఆయనా ఫ్రెడ్ లోడ్సూ చేతులతో మట్టి పిసికినవాళ్లు. మూడో ఆయన ప్రొఫెసర్ ఆలన్ గెమెల్, స్కాట్లండ్ మనిషి, సైన్సు చెప్పేవాడు. వీళ్లు ఒకళ్లతో ఒకళ్లు విభేదించడం వినడమే సరదా. నేను వచ్చినప్పుడు కూడా ఆ ముగ్గురే.

మీ నాన్నగారికి తోట లేదు కదా, ఎందుకు వినేవారు అని అడగబోతారేమో. నేను చెబుతాను. అక్కడి పేషెంట్లు మాట్లాడేది ఆ యాస. పుస్తకంలో చదువుకున్న ఇంగ్లీషుతో వస్తే వార్డులో ముసలమ్మ చెప్పే నొప్పి అర్థం కాదు. నాతో పనిచేసిన ఒక తెలుగు డాక్టరు గారు ఆ యాస ఈ కార్యక్రమంలోనే నేర్చుకున్నానని చెప్పేవారు.

తెనాలి_రమ
బాబాయ్ గారూ, డైరీ వెనక పేజీలో ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసి అర్థాలు పెట్టుకున్నారు! "నౌట్ = ఏమీ లేదు", "ఔట్ = ఏదైనా", "పూర్లీ = ఒంట్లో బాగాలేదు". పిచ్చి రాతలనుకున్నాను.

లెస్టర్_బాబాయ్
అదిగో. అచ్చంగా ఉత్తర ఇంగ్లండ్ మాటలు. ఆ పేజీ జాగ్రత్తగా దాచమ్మా.

గోదారి_గట్టు
వంద = యువర్ హండ్రెడ్ బెస్ట్ ట్యూన్స్. ఆదివారం రాత్రి. ఆలన్ కీత్ 1959 నవంబరులో మొదలుపెట్టి, తొంభై నాలుగేళ్ల వయసులో 2003లో పోయేదాకా ఆయనే నడిపాడు. అందరికీ నచ్చే శాస్త్రీయ సంగీతం, నెమ్మదైన గొంతు. మీ త్యాగరాజ కృతుల నాన్నగారు ఇదిగో ఇక్కడున్నారు.

షార్ట్‌వేవ్_శ్రీను
సాయంత్రం లివర్‌పూల్ కుర్రాళ్లు అన్నది హిట్ పాటల పట్టిక కార్యక్రమం పిక్ ఆఫ్ ది పాప్స్ అయి ఉంటుంది, లైట్ ప్రోగ్రామ్‌లోనే. ఆలన్ ఫ్రీమన్ అనే ఆస్ట్రేలియా ఆయన పేరుతో గుర్తుండిపోయింది. కుర్రాళ్లెవరో చెప్పక్కర్లేదు. 1963 ఫిబ్రవరి అంటే బీటిల్స్ మొదటిసారి పట్టిక పైకి ఎక్కుతున్న వారాలు. ప్రపంచానికి తెలియడానికి ఏడాది ముందే మీ నాన్నగారు డైరీలో ఎక్కించారు!

కాకినాడ_కాజా
నేను మొండిగా మాట్లాడానేమో. బిబిసి ఆదివారంలో నాకు నచ్చేది కూడా ఒకటుంది, ఎడ్యుకేటింగ్ ఆర్చీ. పీటర్ బ్రఫ్ అనే ఆయన చెక్కబొమ్మని ఒళ్లో పెట్టుకుని పెదవులు కదపకుండా మాట్లాడించేవాడు. అదీ రేడియోలో! పెదవులు కదిలాయో లేదో ఎవరికి కనబడుతుంది? అయినా 1950 నుంచి ఏళ్ల తరబడి జనం విరగబడి విన్నారు. హాంకాక్, జూలీ ఆండ్రూస్ లాంటివాళ్లు ఆ బొమ్మ పక్కన చేసినవాళ్లే.

నిడదవోలు_పిల్ల
రేడియోలో తోలుబొమ్మలాట!

కాకినాడ_కాజా
సరిగ్గా అంతే. అయితే నా అభ్యంతరం అలాగే ఉంది. ఆ ఆదివారంలో మనలాంటివాళ్ల గొంతు ఎక్కడుంది? మంచులో ఒంటరిగా కూర్చున్న తెలుగు డాక్టరుకి ఆ రోజంతటిలో తనదని చెప్పుకునే అయిదు నిమిషాలైనా లేవు. ఆ ఉత్తరాలు కూడా ఎవరివో.

లెస్టర్_బాబాయ్
కాజా, నువ్వన్నది నిజం. 1965 అక్టోబరు దాకా ఆగాలి. అప్పుడు బిబిసి, ఇండియా పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ల కోసం ఆదివారం పొద్దున హిందుస్తానీలో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, బర్మింగ్‌హాం నుంచి. అప్నా హీ ఘర్ సమ్‌ఝియే, మీ ఇల్లే అనుకోండి అని పేరు. బస్సెక్కడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం లాంటివి చెప్పి మధ్యలో పాటలు వేసేవారు. నేను వచ్చాక మా ఇంట్లో ఆదివారం పొద్దున ఆ కోవలోని టీవీ కార్యక్రమం ఉండాల్సిందే. నాకు హిందీ అంతంతమాత్రం, అయినా లతా గొంతు కోసం కూర్చునేవాణ్ని. తెలుగు మాత్రం ఎన్నడూ రాలేదు. బిబిసి తెలుగు అనే మాట వినడానికి 2017 రావాల్సి వచ్చింది.

మీటర్‌బ్యాండ్
రమగారూ, 5.30 సంగతి. ఇది కార్యక్రమం కాదు.

శీతాకాలం బ్రిటన్‌లో మధ్యాహ్నం 12 అంటే మనకి సాయంత్రం 5.30. మార్చి ఆఖరున అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. 1963లో మార్చి 31న, ఆదివారమే. అప్పటి నుంచి అక్కడ 12 అంటే మనకి 4.30. మీ నాన్నగారు పక్కన రాసుకున్నది తెనాలి టైము.

నిడదవోలు_పిల్ల
అయ్యో. ఒళ్లు జలదరించింది.

పాత_మర్ఫీ
మీ అమ్మగారిని ఒకసారి అడగండి.

తెనాలి_రమ
అడిగాను. ఫోన్లో కాదు, నిన్న తెనాలి వెళ్లి డైరీ చేతిలో పెట్టాను.

అమ్మకి ఎనభై నాలుగు. కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చాలాసేపు చూసింది. "అయిదున్నరకి డాబా ఎక్కమనేవారు" అంది. ఎందుకమ్మా అంటే చెప్పింది. ఇక్కడ రేడియోలో ఆదివారం మొగుళ్లకి పెళ్లాలు, పెళ్లాలకి మొగుళ్లు పాటలు పంపించుకుంటున్నారు, అది సైన్యం వాళ్లకి, నేను తెనాలికి పంపలేను, అందుకని నేను అది వినే వేళకి నువ్వు డాబా మీద ఉండు, చాలు అని నాన్న రాశారట. మా నానమ్మ ఆ వేళప్పుడే పాలు పితికించేది. అమ్మ పిల్లని ఎత్తుకుని గుడ్డలు తీసే నెపంతో పైకి వెళ్లేదట. మార్చిలో "గడియారం మారింది, ఇక నాలుగున్నర" అని మళ్లీ ఉత్తరం వస్తే, ఆ ఎండలో గుడ్డలింకా ఆరలేదే అని నానమ్మకి అనుమానం వచ్చిందట! 1964లో అమ్మ అక్కడికి వెళ్లేదాకా అలాగే నడిచింది.

కాజా గారూ, మీరు అయిదు నిమిషాలైనా లేవన్నారు కదా. అది అమ్మకి చదివి వినిపించాను. "ఆయనకి చెప్పు, గంట ఉండేది" అంది.

కాకినాడ_కాజా
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నేనిక ఏమీ అనను.

వరంగల్_వాణి
నేను ఏడుస్తున్న ఇక్కడ.

గోదారి_గట్టు
రమగారూ, ఫ్యామిలీ ఫేవరిట్స్ పాత ప్రసారాల ముక్కలు నెట్‌లో దొరుకుతాయి. అమ్మగారికి వినిపించారా?

తెనాలి_రమ
తమ్ముడు ఆరంభ సంగీతం ఒకటి వెతికిపెట్టాడు. అప్పుడే వేయబోతే అమ్మ ఒప్పుకోలేదు. ఇవాళ శుక్రవారం కదే, ఆదివారం పెట్టు అంది. అయిదున్నరకా, నాలుగున్నరకా అని అడిగితే ఇప్పుడు అక్కడ చలికాలమా, ఎండాకాలమా అని తిరిగి నన్నే అడిగింది.

మీటర్‌బ్యాండ్
చలికాలమే. అయిదున్నరకి.